‘మరకలంటని స్పోర్ట్స్ కిల్ట్’ ఆర్డర్ పెట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఎవరి సంగతో పేరు చెప్పక్కర్లేదు. స్కాట్లండ్‌లో హైలాండ్ గేమ్స్ (బరువులెత్తే, విసిరే సంప్రదాయ పోటీలు) సీజన్ మొదలైతే చాలు, బురదలో కేబర్ (పొడవాటి చెట్టు దుంగ) ఎత్తుతున్న ఆసామి ఫొటో పెట్టి ‘మడ్ ప్రూఫ్, స్టెయిన్ ప్రూఫ్, 16 ఔన్సుల హెవీ టార్టన్’ (బరువైన గళ్ళ బట్ట) అని కిల్టులకు, అంటే అక్కడి మగవాళ్ళు కట్టుకునే కుచ్చిళ్ళ పావడాలకు, యాడ్లు గుప్పిస్తాడే, ఆ షాపే. 129 పౌండ్లు. ఇక్కడి మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో కూడా ఆ లింకు తిరుగుతోంది కాబట్టి ఉన్న కోపం చల్లారకముందే రాస్తున్నాను.

పేజీలో రాసింది పీవీ. అంటే 65 శాతం పాలిస్టర్, 35 శాతం విస్కోస్, పైన టెఫ్లాన్ ఫినిష్ (నీళ్ళూ మరకలూ అంటకుండా వేసే పూత). ఇంటికొచ్చింది అక్రిలిక్. పోటీలో విసిరే హామర్ (కర్రకు తగిలించిన బరువైన గుండు) జారకుండా చేతులకు రాసుకునే జిగురు ఒకటి రెండు చోట్ల అంటింది, దాని మీద బురద పట్టింది. లేబుల్ చెప్పినట్టే 40 డిగ్రీల్లో ఉతికితే జిగురు కదల్లేదు గానీ కుచ్చిళ్ళు మాత్రం విచ్చుకుపోయాయి.

సరుకు నాసిరకం అంటే ఏదో వ్యాపారం అనుకుని ఊరుకోవచ్చు. ఒళ్ళు మండింది ఆ తర్వాత. ఫొటోలు పంపితే వచ్చిన జవాబు ఇది: ‘సార్, కిల్ట్ పెళ్ళిళ్ళకూ పార్టీలకూ వేసుకునేది. అది కట్టుకుని హామర్ ఎవరు విసరమన్నారు?’ మీ పేజీలో మొదటి ఫొటోయే కేబర్ మోస్తున్న మనిషిది కదయ్యా అంటే, ‘అది మోడల్ ఫొటో’. మరి స్టెయిన్ ప్రూఫ్ అన్న మాటకు అర్థమేంటి? ‘మరక పడకుండా చూసుకుంటే పడదు.’ ఇంత జ్ఞానం 129 పౌండ్లకు దొరకడం చవకే! ఉతికేశారు కాబట్టి వాపసు కుదరదట. ఉతకమన్నది వాళ్ళు కుట్టిన లేబులే. పైగా చివర్లో నవ్వుమొహం బొమ్మ, వచ్చేసారికి 10 శాతం కూపన్.

ఇక అసలు విషయం. అక్రిలిక్‌ను ముట్టుకుంటే మెత్తగా, ఉన్నిలాగే ఉంటుంది, ఫొటోలో అసలే తేడా తెలీదు. తెలిసేది కాల్చినప్పుడే. లోపలి అంచు నుంచి ఒక దారం లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కమురు కంపు, మంట తీసేయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. అక్రిలిక్ నల్లపొగతో భగ్గుమని, గట్టి ఉండ మిగులుస్తుంది. పీవీలో విస్కోస్ కాగితం కాలిన వాసన ఇస్తుంది, పాలిస్టర్ కరిగి ఉండ కడుతుంది. ఉన్ని అన్న బట్టను ఇంకోలా కూడా తేల్చుకోవచ్చు. చిన్న పోగు ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్‌లో వేస్తే నిజమైన ఉన్ని కరిగిపోతుంది, అక్రిలిక్, పాలిస్టర్ చెక్కుచెదరవు.

కుచ్చిళ్ళు ఎందుకు పోయాయంటే, అక్రిలిక్ వేడీ తడీ కలిసి తగిలితే సాగుతుంది, సాగింది మళ్ళీ వెనక్కి రాదు. ఆవిరి ఇస్త్రీ పెడితే ఇంకా పాడవుతుంది. పాలిస్టర్‌కు వేడితో పెట్టిన మడత నిలుస్తుంది, అందుకే ఉతుక్కునే కిల్టులకు పీవీ వాడతారు.

ఔన్సుల లెక్కలోనూ మాయ ఉంది. 16 ఔన్సులంటే డబుల్ పన్నా (రెట్టింపు వెడల్పు) బట్ట ఒక గజం తూకం, కిల్ట్ మొత్తానిది కాదు. 5 గజాల కిల్టుకు పట్టేది డబుల్ పన్నాలో రెండున్నర గజాలు. అంటే 16 ఔన్సుల బట్టతో కుడితే పట్టీలతో కలిపి కిలోకు అటూ ఇటూ తూగాలి. వీళ్ళది వంటింటి త్రాసు మీద 600 గ్రాములు దాటలేదు. ఉన్నిలో పేరున్న మిల్లులు తూకం దాచవు: లాక్‌కారన్ మిల్లు వాళ్ళ రీవర్ అనే బట్ట 10 ఔన్సులు, బ్రేరియాక్ 13, స్ట్రోమ్ 16. కొండ పరుగులకూ ఎండకూ 13 చాలు. హామర్‌కూ కేబర్‌కూ అయితే 16 తీసుకోండి, గాలికి లేవదు, పల్చటి బట్టలా ఒంటికి చుట్టుకోదు.

మరకల దగ్గర అందరినీ బుట్టలో వేసేది, బట్ట మీద నీటిచుక్క ఇంకకుండా నిలవడం చూపించే వీడియో. ఉన్ని పోగు మీద పొలుసులు ఉంటాయి కాబట్టి ఏ ఫినిష్ లేకుండానే నీటిచుక్క కాసేపు నిలుస్తుంది. ఫ్లోరిన్ లేని కొత్తరకం ఫినిష్‌లు కూడా నీటిని బాగానే తోస్తాయి, నూనె దగ్గర చేతులెత్తేస్తాయి. హామర్ జిగురు, కేబర్ నుంచి కారే చెట్టు బంక, సన్‌స్క్రీన్, ఫుడ్ స్టాల్ బర్గర్ కొవ్వు, ఇవన్నీ నూనె జాతివే. అందుకని షాపువాణ్ణి వంటనూనె చుక్క వేసి 30 సెకన్లు చూపించమనండి. ముత్యంలా నిలబడితే ఫినిష్ ఉన్నట్టు, ఇంకి నల్లబడితే అంతా మాటలే. నిజంగా టెస్టు చేయించినవాడి దగ్గర ఏఏటీసీసీ 118 (బట్ట నూనెను ఎంత బాగా తోస్తుందో కొలిచే పరీక్ష) గ్రేడు ఉంటుంది, 0 నుంచి 8 వరకు. అడిగితే మనవాడు ‘కంపెనీ రహస్యం’ అన్నాడు. ఒకమాట, మంచి ఫినిష్ ఉన్న పీవీ అయినా ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోస్తే దాని పని అయిపోతుంది. ఫినిష్ పోయిన పాలిస్టర్ నూనెను పట్టుకుందంటే తొందరగా వదలదు.

కుట్టు కూడా చూడండి. కుచ్చిళ్ళు నడుము నుంచి పిరుదుల దాకా కుట్టి, లోపల కాన్వాస్ వేసి ఉండాలి. దీనికి పైన రెండంగుళాలే కుట్టు, కాన్వాస్ ఊసే లేదు. కేబర్ ఎత్తడానికి కిందికి కూర్చుంటే పడే లాగుడు మొత్తం ఆ కాస్త దారం మీదే. ఉన్ని కిల్టయితే కింది అంచు మడిచి కుట్టరు, మగ్గం మీద నేసిన అంచే అలా వదిలేస్తారు. మడత కుట్టు కనిపిస్తే అనుమానించండి.

బురద పడితే తడిగా ఉన్నప్పుడు రుద్దొద్దు, పూర్తిగా ఎండాక బ్రష్‌తో దులపండి. జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు అద్ది ఒత్తండి, లోపలివైపు ముందు పరీక్షించి. ఉన్నికి ఎంజైములున్న బయో డిటర్జెంట్ వాడితే అది మరకతో పాటు ఉన్నినీ తింటుంది.

డబ్బు విషయం. ‘కొలతలిచ్చి కుట్టించుకున్నారు, 14 రోజుల రద్దు వర్తించదు’ అంటాడు. అంతవరకు నిజమే. కానీ చెప్పిన గుడ్డ ఒకటి, పంపింది ఒకటి అయినప్పుడు బ్రిటన్‌లోని కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 కింద 30 రోజుల్లో సరుకు తిప్పి పంపి డబ్బు వాపసు అడగొచ్చు. ధర 100 పౌండ్లు దాటింది కాబట్టి క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్ళు సెక్షన్ 75 క్లెయిమ్ (డబ్బు కార్డు కంపెనీనే అడగడం) కూడా వేయొచ్చు. లేబుల్ ఫొటో, దారం కాల్చిన వీడియో, పేజీ స్క్రీన్‌షాట్ జతచేయండి. స్క్రీన్‌షాట్ ఆర్డర్ పెట్టేముందే తీసుకోండి, ఎందుకంటే నిన్న చూస్తే ఆ పేజీలో పీవీ అన్న మాట మాయమై ‘ప్రీమియం ఫైబర్’ వచ్చి కూర్చుంది. కేబర్ ఫొటో మాత్రం అలాగే ఉంది.