దేవరకొండ రోడ్డులో సీటు కవర్ల చాచా కుట్టిన గిటారు పెట్టె

పోయిన ఏడాది మే నెలలో నా గిటారు బ్రిడ్జి, అంటే తీగల కింది కొసలు పట్టి ఉంచే చెక్క, ఊడిపోయింది. హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ పోతూ, పైన జాగ లేదంటే ఒక ప్రైవేటు బస్సు డిక్కీలో పెట్టాను. పల్చటి బట్ట సంచి తప్ప దానికి వేరే రక్షణ లేదు. దారిలో బస్సు చెడిపోయి మిట్టమధ్యాహ్నం రెండు గంటలు ఎండలో ఆగింది. దిగి సంచి విప్పి చూస్తే బ్రిడ్జి వెనక అంచు లేచి, కింద వేలి గోరు పట్టేంత సందు ఉంది. ఆరు తీగలు కలిసి ఆ చిన్న చెక్కను దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. చెక్కపనికి వాడే జిగురు 65 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో మూసి ఉంచిన డిక్కీ ఎంత వేడెక్కుతుందో మన ఎండలు ఎరిగిన వాళ్లకు చెప్పనక్కర లేదు. మళ్లీ అతికించడానికి 1,800 రూపాయలు, తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఒప్పుకున్న రెండు పాటల కార్యక్రమాలు పోయాయి.

ఈసారి నాది మొదటి టూర్. నల్లగొండలో మొదలుపెట్టి మిర్యాలగూడ, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, చివరికి మహబూబ్‌నగర్. పదహారు రోజుల్లో తొమ్మిది ఊళ్లు. చదువుల కోసం హైదరాబాద్ పోయిన పిల్లలు సెలవులకు ఇళ్లకు వచ్చేది ఎండకాలంలోనే కాబట్టి ఎండకాలంలోనే పోవాలి. వెనక కంపెనీ లేదు, మేనేజర్ లేడు. నేను రాసుకున్న పదకొండు పాటలు, ఒక గిటారు, డప్పు కొట్టే తమ్ముడు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కాబట్టే ఈ టూర్ నా చేతికి అందింది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. తమ్ముడి టికెట్ డబ్బులు మాత్రం పెట్టుకుంటే చాలు. కానీ బస్సుల్లో పోవడమంటే గిటారు నా ఒళ్లోనో, కాళ్ల సందునో, నిలబడితే వీపు మీదో ఉండాలి. మంచి పెట్టె లేకుండా కుదరదు.

హైదరాబాద్‌లో గట్టి ప్లాస్టిక్ పెట్టెకు ఆరున్నర వేలు చెప్పారు. నా టూర్ మొత్తానికి పెట్టుకున్నదే పద్నాలుగు వేలు. పైగా అది నాలుగున్నర కిలోలు, వీపుకు తగిలించుకోవడానికి పట్టీలు లేవు. ఏం చేయాలో తోచక తిరుగుతుంటే తమ్ముడు తన డప్పు కవరు చూపించాడు. మూడేళ్లయింది, ఒక్క కుట్టు ఊడలేదు. ఎక్కడ కుట్టించావంటే నల్లగొండలోని దేవరకొండ రోడ్డుకు తీసుకుపోయాడు.

షాపుకు బోర్డు లేదు. పంక్చర్ షాపుల వరుసలో రేకుల షెడ్డు, ముందు ఎప్పుడూ ఒకటో రెండో ఆటోలు టాపు విప్పి ఉంటాయి. చాచాది ఆటోల సీట్లు, టాపులు, బండి సీటు కవర్ల పని. బ్యాండు మేళం వాళ్ల డ్రమ్ములకు కవర్లు కుట్టాడట గానీ గిటారు మాత్రం ఎన్నడూ ముట్టలేదు. ఆ మాట ఆయనే ముందు చెప్పాడు. తర్వాత గిటారును బల్ల మీద పడుకోబెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"బిడ్డా, దీంట్ల ఏ జాగ ముందు ఇరుగుతది?"

పన్నెండేళ్లుగా గిటారు వాయిస్తున్నాను. సంచులు, పెట్టెలు అమ్మే ఎన్నో షాపులకు పోయాను. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సైజు ఎంత, రంగు ఏది, బడ్జెట్ ఎంత అనే అడిగారు. నేను మెడ, తల కలిసే చోటు చూపించాను. గిటారు వెల్లకిలా పడితే తల వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి దెబ్బ ముందు దానికే తగులుతుంది, అక్కడ చెక్క కూడా సన్నం. చాచా ఆ చోట బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాడు. "అయితే తల దేనికీ ఆనొద్దు. మెడ ఆనాలె, తల గాలిల ఉండాలె" అన్నాడు. ఖరీదైన పెట్టెల్లో లోపల చేసేది సరిగ్గా ఇదే. మెడ కింద దిండులాంటి ఆధారం ఇచ్చి తల కింద ఖాళీ వదులుతారు. గిటారు ముట్టని మనిషికి అది రెండు నిమిషాల్లో తట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగా.

పాత న్యూస్‌పేపర్లు నాలుగు అతికించి దాని మీద గిటారు పెట్టి చుట్టూ పెన్సిలుతో అచ్చు గీసుకున్నాడు. నేను నల్ల రెగ్జిన్ అడిగితే ఒప్పుకోలేదు. "నల్ల సీటు మీద ఎండల కూసొని చూడు బిడ్డా, తెలుస్తది. ఆటోవాళ్లు రోజూ నన్ను తిడ్తరు" అన్నాడు. బూడిద రంగు వేయించాడు. లోపల గట్టితనం కోసం ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు వాడే, గాడులున్న ప్లాస్టిక్ సన్‌ప్యాక్ షీటు రెండు పొరలు పెట్టాడు. ఒకదాని గాడులు నిలువుగా, రెండోదాని గాడులు అడ్డంగా వచ్చేలా అతికించాడు. విడిగా వంచితే వంగే షీట్లు అలా కలిపితే మోకాలితో నొక్కినా వంగడం లేదు. దాని మీద ఆటో సీటుకు వేసే 40 డెన్సిటీ ఫోము అంగుళం మందం, గిటారుకు తగిలే వైపు మెత్తటి వెల్వెట్. పదో నంబరు చైను, రెండు రన్నర్లు. పట్టుకునే చోట పాత కారు సీటు బెల్టు పట్టీ.

మొత్తం 2,350 రూపాయలు. మొదట భుజానికి ఒక్క పట్టీయే కుట్టాడు, రెండోది అడిగితే ఇంకో 150. కూరగాయల కాంటా మీద తూచితే ఖాళీ పెట్టె 2 కిలోల 900 గ్రాములు. గిటారుతో కలిపి అయిదు కిలోల లోపే.

ఇప్పటికి పదిహేను రోజులుగా వాడుతున్నాను. నల్లగొండ నుంచి దేవరకొండకు రెండుసార్లు, మహబూబ్‌నగర్‌కు ఒకసారి పోయొచ్చాను. దేవరకొండ బస్సులో ఒక పెద్దమ్మ తన బత్తాయిల సంచి తెచ్చి దాని మీద పెట్టేసింది, ఇరవై కిలోలకు తక్కువ ఉండదు. నా గుండె ఆగినంత పనైంది. దిగాక చూసుకుంటే గిటారు శ్రుతి కూడా తప్పలేదు. వేడి సంగతి కూడా పరీక్ష పెట్టాను. పెట్టెలో చిన్న థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు మా డాబా మీద నలభై నిమిషాలు ఎండలో ఉంచాను. బయట 41, లోపల 38. పాత బట్ట సంచిలో అదే థర్మామీటర్ మర్నాడు అదే వేళకు 49 చూపించింది. అయినా సరే, డిక్కీలో మాత్రం మళ్లీ పెట్టను. ఫోము వేడిని ఆలస్యం చేస్తుందే కానీ ఆపదు. రెండు మూడు గంటలు ఎండలో వదిలేస్తే ఏ పెట్టెలోనైనా వేడి చేరుతుంది. ప్రయాణంలో తీగలన్నీ ఒక స్వరం కిందికి దించుతున్నాను, బ్రిడ్జి మీద లాగుడు కొంత తగ్గుతుందని.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మూడు రోజుల్లో ఇస్తానని ఆరు రోజులు చేశాడు. ఆటోవాళ్లు వస్తే వాళ్ల పని ముందు. బండి ఆగితే ఆ రోజు కూలి పోతుందని ఆయన లెక్క, నేను కాదనలేకపోయాను. కానీ మీకు తేదీ ముఖ్యమైతే పది రోజుల ముందే ఇచ్చి రండి. అతికించిన సొల్యూషన్ వాసన బాగా ఉంది. నీడలో చైను తీసి నాలుగు రోజులు ఆరబెడితే గానీ పోలేదు. ముందు జేబు చిన్నదైంది. కాపో (శ్రుతి పెంచడానికి గిటారు మెడకు బిగించే క్లిప్పు), శ్రుతి మీటరు, ఒక తీగల సెట్టు పడతాయి గానీ పాటల నోట్‌బుక్ పట్టదు, నాకు అది తప్పనిసరి.

పెద్ద లోటు వాన. చెంబుడు నీళ్లు పోసి చూశాను. రెగ్జిన్ తడవదు కానీ చైను దగ్గర, అంచుల పైపింగ్ కుట్టు సూది రంధ్రాల నుంచి నీళ్లు లోపలికి వచ్చాయి. చెబితే చాచా చైను మీద రెండంగుళాల మడత పట్టీ వేసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు చైను దగ్గర కారడం లేదు, కుట్ల దగ్గర ఇంకా చెమ్మ దిగుతుంది. ఎండకాలం టూరుకు దిగుల్లేదు. ఈదురుగాలుల వానకు ఒక ప్లాస్టిక్ పట్టా వెంట పెట్టుకుంటున్నాను. జూన్ తర్వాత తిరిగేవాళ్లు మాత్రం పైన వేరే వాన కవరు కుట్టించుకోవాల్సిందే.

మీరు పోతే వాయిద్యాన్ని వెంట తీసుకుపోండి. కొలతలు రాసుకుపోతే ఆయన పని మొదలుపెట్టడు. ఉదయం పదకొండు లోపల పోతే ఆటోల తాకిడి తక్కువ. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షాపు మూస్తాడు. ఫోన్‌పే ఉంది, బిల్లు ఇవ్వడు. ఏది ముందు విరుగుతుందో, ఏది వేడికి చెడుతుందో, ఏది తడిస్తే పాడవుతుందో ముందే ఆలోచించి పెట్టుకోండి, ఎందుకంటే ఆయన అడుగుతాడు. హార్మోనియం వాయించే ఒక అక్కను నేనే పంపాను. గాలి కొట్టే బెలోస్ మడతల మీద బరువు పడకుండా మూతలో చెక్క పట్టీలు వేస్తానన్నాడట.

పెట్టె తీసుకునే రోజు చాచా పాట పాడమన్నాడు. మా నాయనమ్మ మోకాళ్ల మీద రాసిన పాట పాడాను. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు వంగిపోయిన కాళ్లు ఆమెవి. ఆయన మిషను ఆపి విన్నాడు. పాట అయిపోయాక ఏమీ అనలేదు, తన ప్యాంటు అంచు పైకి లాగి తన మోకాలు చూపించాడు. ఆయనది కూడా ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతమే, మర్రిగూడ వైపట.

టూర్ ఈ నెల 18న మొదలు. జేబు విప్పి పెద్దది కుట్టించడానికి 15న మళ్లీ పోతున్నాను. మెడ కింద దిండును కూడా అర అంగుళం పెంచమని అడగాలి, బస్సు కుదుపులకు ఇప్పటికే కొంచెం అణిగింది.