హార్డ్ షాఫ్ట్‌ని ఇంటి లేత్ మీద తిప్పాలంటే ఏది మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ సామాను దగ్గర నిలబడితే చెయ్యి ఊరుకోదు. కింగ్‌పిన్‌లు (ముందు చక్రం పక్కకి తిరగడానికి ఆధారమయ్యే పిన్నులు), బేరింగ్ రేసులు (బేరింగ్ గుండ్లు దొర్లే రింగులు), అరిగిన షాఫ్టులు... మంచి ఉక్కు, చవగ్గా వస్తుంది. ఇంటికి తెచ్చి లేత్ చక్‌లో బిగించాకే అసలు తలనొప్పి, ఎందుకంటే అవన్నీ హార్డెన్ చేసినవి, అంటే కాల్చి గట్టిపరిచినవి. ముందు ఆకురాయితో ఒక రుద్దు రుద్ది చూడండి. కొరికితే మామూలుగా టర్నింగ్ చేసుకోవచ్చు. జర్రున జారిపోతే మాత్రం ఆలోచించాలి.

హై స్పీడ్ స్టీల్ టూల్ ఇక్కడ పనికిరాదు. ఉక్కు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేల్ మీద దానిదే 63-65. బేరింగ్ రేసు 60 దాకా ఉంటుంది. ఇక కోసేదెవరు, కోయించుకునేదెవరు? సిరామిక్ కూడా వద్దు, మన చిన్న మిషన్ వణుకుకి పుటుక్కున విరుగుతుంది.

చాలామంది కన్ను సీబీఎన్ మీద ఉంటుంది. క్యూబిక్ బోరాన్ నైట్రైడ్, గట్టిదనంలో వజ్రం తర్వాత చెప్పుకునేది దీన్నే. వజ్రం వేడిలో ఇనుముతో కలిసి అరిగిపోతుంది కాబట్టి ఉక్కుకి ఇదే వాడతారు. ఫ్యాక్టరీల్లో కొన్ని పనులకి గ్రైండింగ్ మానేసి దీంతోనే ఫినిష్ చేస్తున్నారు. కానీ వాళ్ల మిషన్ వేరు, మన మిషన్ వేరు. దానికి నిమిషానికి 150 మీటర్ల వేగం ఇద్దామంటే 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌ని 1,900 ఆర్‌పీఎంలో తిప్పాలి. బెల్టు లేత్‌లు చాలావాటికి అంత వేగం ఉండదు, ఉన్నా టేబులంతా ఊగుతుంది. పైగా సీబీఎన్ అంచు విరగకుండా దాన్ని కొద్దిగా మొద్దు చేసి ఇస్తారు. అది కోయాలంటే గట్టిగా నెట్టాలి. నెడితే టూల్‌ని పట్టుకునే మన టూల్ పోస్టే వెనక్కి జరుగుతుంది. డయల్ మీద 0.1 మిల్లీమీటరు తిప్పితే జాబ్ (తిప్పుతున్న ముక్క) మీద అందులో సగం కూడా తగ్గదు. ధర చూస్తే కార్బైడ్ (టంగ్‌స్టన్ కార్బైడ్) టూల్‌కి ఎన్నో రెట్లు!

అందుకే నా ఓటు కోటింగ్ ఉన్న మామూలు కార్బైడ్‌కే. 50-55 గట్టిదనం దాకా లాక్కొస్తుంది. సీసీఎంటీ రకం ఇన్సర్ట్ (టూల్ కొనకి స్క్రూతో బిగించే చిన్న బిళ్ల), ముక్కు రేడియస్ 0.4 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకోండి. 0.8 అయితే వణుకు ఎక్కువ. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి 500 ఆర్‌పీఎం చాలు, అంటే నిమిషానికి దాదాపు 40 మీటర్లు. లోతు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, ఫీడ్ (ఒక్కో చుట్టుకి టూల్ జరిగే దూరం) 0.05 దగ్గర. ఇంకా భయపడి ఫీడ్ 0.02 ఇస్తే టూల్ కోయదు, రుద్దుతుంది, దాంతో అంచు పోతుంది. కూలెంట్ వద్దు. మధ్య మధ్యలో చుక్కలు పోస్తే వేడెక్కిన కార్బైడ్ పగుళ్లు తీస్తుంది. పని సరిగ్గా నడుస్తుంటే చిప్ నీలంగా, సన్నటి దారంలా వచ్చి వేలితో నలిపితే పొడిపొడి అవుతుంది (చల్లారాకే నలపండి). ఉన్నట్టుండి కీచుమని, జాబ్ మీద అద్దంలాంటి మెరుపు వస్తే మురిసిపోకండి, ఇన్సర్ట్‌లో కోసే మూల అరిగిపోయింది. ఈ ఇన్సర్ట్‌కి పనికొచ్చే మూలలు రెండే.

కింగ్‌పిన్‌కి ఒక సులువుంది. గట్టిదనం సాధారణంగా పైపొరలోనే, మిల్లీమీటరో రెండో. ఆ పొరని హ్యాండ్ గ్రైండర్‌తో తీసేస్తే లోపలిదంతా మామూలు టూల్‌కే లొంగుతుంది.

కాల్చి మెత్తబరిచే పద్ధతి కూడా ఉంది. బేరింగ్ స్టీల్‌ని 800 డిగ్రీల చుట్టుపక్కల వేడిచేసి, బూడిదలోనో సున్నంలోనో కప్పి, గంటల తరబడి నెమ్మదిగా చల్లారనివ్వాలి. గుంటూరు ఎండల్లో ఆ పొయ్యి ముందు కూర్చునే ఓపిక నాకైతే లేదు. టర్నింగ్ అయ్యాక మళ్లీ హార్డెన్ చేస్తే వంకర తిరుగుతుంది, ఆ వంకర తీయడానికి చివరికి గ్రైండింగే దిక్కు. చాలా మెటీరియల్ తీయాల్సినప్పుడు తప్ప ఇది దండగ పని.

బేరింగ్ కూర్చునే చోటు మిల్లీమీటరులో నూరో వంతు తేడా కూడా ఒప్పుకోదు. అక్కడ కార్బైడ్‌తో 0.2 మిల్లీమీటరు మిగిల్చి, ఆటోనగర్‌లో గ్రైండింగ్ షాపుకి పంపేయడమే మేలు. టూల్ పోస్ట్ గ్రైండర్ (లేత్ మీదే బిగించే చిన్న గ్రైండర్) కొని ఇంట్లోనే చేద్దామనుకుంటే, రాయి నుంచి రాలే రజను లేత్ బెడ్‌ని తినేస్తుంది. గుడ్డ కప్పినా ఎక్కడో ఒక చోట దూరుతుంది. కీవే (కీ కూర్చునే గాడి) ఉన్న హార్డ్ షాఫ్ట్ అయితే కార్బైడ్ కూడా పెట్టకండి. తిరిగిన ప్రతిసారీ ఆ గాడి అంచు టూల్‌ని కొడుతుంది, రెండు మూలలూ ఒక్క పూటలో అయిపోతాయి. అలాంటిది నేరుగా గ్రైండింగ్‌కే.