గాల్వెస్టన్‌లో అందని షిప్పు, కోజుమెల్‌లో ఎలా ఎక్కారంటే

డాలస్, హ్యూస్టన్ వైపు ఉండే మన తెలుగువాళ్ళకి క్రూజ్ అంటే ముందు గుర్తొచ్చేది గాల్వెస్టనే. ఫ్లైట్ గొడవ లేదు, కారేసుకుని ఐ-45 మీద దక్షిణానికి పోతూ ఉంటే ఆ రోడ్డు సముద్రం దగ్గర ఎక్కడ ఆగిపోతుందో అదే ఊరు. ఈ జూన్‌లో మేం ఫ్రిస్కో నుంచి అలాగే వెళ్ళాం. మా తోడల్లుడి కుటుంబం మాత్రం నార్త్ కరోలినాలో రాలీ నుంచి ఎగిరి రావాలి. సోమవారం సాయంత్రం 4 గంటలకి షిప్పు బయల్దేరుతుంది, వాళ్ళ ఫ్లైటు అదే రోజు పదకొండున్నరకి హ్యూస్టన్ హాబీ ఎయిర్‌పోర్టులో దిగాలి. కాగితం మీద చూస్తే బోలెడు టైముంది. మేం ఎక్కాం, వాళ్ళకి షిప్పు అందలేదు, చివరికి మెక్సికోలో కోజుమెల్ అనే దీవిలో ఎక్కారు. ఆ మధ్యలో ఏం జరిగింది, ఎవరు సాయం చేశారు, ఎవరు చెయ్యలేదు అన్నదే ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే షిప్పులో బఫే ఎలా ఉందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మా దారి సంగతి రెండు ముక్కల్లో. మాడిసన్‌విల్ దగ్గర బకీస్ అనే పెట్రోలు బంకులో ఆగండి, ఆ దారి మొత్తానికి అంత శుభ్రమైన బాత్రూములు ఇంకెక్కడా లేవు. భోజనం హ్యూస్టన్‌లో మన ఇండియన్ హోటళ్ళుండే హిల్‌క్రాఫ్ట్ వైపు మళ్ళి కడుపు నిండా తినేయండి, కాస్త చుట్టు తిరుగుడైనా పర్వాలేదు, గాల్వెస్టన్‌లో శాకాహారులకి పిజ్జా తప్ప పెద్దగా దిక్కుండదు.

ఆదివారం రాత్రి గాల్వెస్టన్‌లో సీవాల్, అంటే సముద్రపు గోడ, వెంట ఉన్న రోడ్డు మీద ఒక హోటల్లో దిగాం. గది నుంచి సముద్రం కనిపిస్తుందని రేటు బాగానే వేశారు, సముద్రం కనిపించిన మాట నిజమే, ఏసీ మాత్రం రాత్రంతా లారీ స్టార్ట్ చేస్తున్నట్టు మోగింది, తివాచీ తేమ వాసన. డబ్బు చూసుకునేవాళ్ళు వెబ్‌స్టర్, లీగ్ సిటీ వైపు ఉండొచ్చు, అరగంట ముప్పావుగంట డ్రైవ్. అయితే మా హోటల్లో ఒక్క మంచి పని ఏమిటంటే క్రూజ్ అయ్యేదాకా కారు అక్కడే పెట్టుకోనిచ్చి షటిల్‌లో టెర్మినల్ దగ్గర దింపుతారు, పోర్టు పార్కింగుతో పోల్చుకుంటే బాగా మిగిలింది. షటిల్‌కి పేరు ముందు రోజు రాత్రే రాయించుకోవాలి, పొద్దున్న అడిగినవాళ్ళకి మధ్యాహ్నం ట్రిప్పు ఇచ్చారు. ఆ సీవాల్ కూడా ఊరికే షికారుకి కట్టింది కాదు. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపానులో ఈ ఊళ్ళో కనీసం 6,000 మంది పోయారు, ఆ తర్వాత కట్టిన గోడ అది, 17 అడుగుల ఎత్తు. మా నాన్నగారు 1977 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి, ఆ గోడ మీద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సోమవారం పొద్దున్న నుంచి ఫోన్లు మొదలు. అట్లాంటాలో ఫ్లైటు మారాలి, అక్కడ ఉరుములు మెరుపులు, విమానాలు ఆపేశారు. "అన్నయ్యా, ఇంకా గేటు దగ్గరే ఉన్నాం, ఇంకో నలభై నిమిషాలు అంటున్నారు" అన్నాడు మా తోడల్లుడు. ఆ నలభై నిమిషాలు అయ్యాక మళ్ళీ నలభై. ఎయిర్‌లైన్ పేరెందుకు గానీ, ఒకేసారి మూడు గంటలు లేటు అని చెప్పుంటే వేరే దారేదైనా చూసుకునేవాళ్ళు, ఇలా కొసరి కొసరి చెప్పేసరికి గేటు వదిలి కదల్లేకపోయారు.

మేం పన్నెండున్నరకి టెర్మినల్లోకి వెళ్ళాం. బయట పోర్టర్లు పెద్ద సూట్‌కేసులు తీసుకుంటారు, సంచికో రెండు డాలర్లు చేతిలో పెట్టడం రివాజు. పాస్‌పోర్టులు, మందులు, పిల్లల స్విమ్మింగ్ బట్టలు మీ చేతిలోనే ఉంచుకోండి, సూట్‌కేసు గదికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఇంట్లో చేసిన పులిహోర లాంటివి లోపలికి రానివ్వరు, సీలు తియ్యని ప్యాకెట్లయితే ఫర్వాలేదు. రైస్ కుక్కర్, కెటిల్ అసలు వద్దు, తీసేసుకుంటారు.

వాళ్ళు హాబీలో దిగేసరికి దాదాపు మూడు. అక్కడి నుంచి పోర్టు 40 మైళ్ళు, ఎంత తొక్కినా ముప్పావుగంట. టెర్మినల్ ముందు ఊబర్ దిగేటప్పటికి 4 కావడానికి ఇంకా పది నిమిషాలుంది, షిప్పు కళ్ళెదురుగానే ఉంది, తాళ్ళు కూడా విప్పలేదు. కానీ లోపల చెకిన్ కౌంటర్లు ఖాళీ, పోర్టర్ల బళ్ళు గోడకి వరసగా ఆనించేశారు, ఒకాయన లైను కోసం కట్టిన పట్టీలు చుట్టుకుంటున్నాడు. మా మరదలు ఏడుపు గొంతుతో ఫోను చేసింది: "బావా, షిప్పు ఇక్కడే ఉంది, పది నిమిషాలు ఆగమని లోపల ఎవరికైనా చెప్పండి." నేను గెస్ట్ సర్వీసెస్ డెస్కుకి పరిగెత్తాను. అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా విని, లిస్టు మూసేశారు, ఇంక ఎవరూ తెరవలేరు అంది.

అప్పుడు కోపం వచ్చింది గానీ తర్వాత అర్థమైంది. అమెరికా నుంచి బయల్దేరే షిప్పు తనలో ఉన్న ప్రయాణికుల చివరి లిస్టు కస్టమ్స్ అండ్ బోర్డర్ వాళ్ళకి గంట ముందే పంపాలి. అందుకే టికెట్ మీద 4 అని ఉన్నా లోపలికి తీసుకోవడం గంట, కొన్ని కంపెనీలైతే గంటన్నర ముందే ఆపేస్తాయి. దీనికి తోడు సేఫ్టీ డ్రిల్ బయల్దేరే లోపే అందరితో చేయించాలి, 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా మునిగాక ఈ రూలు బిగించారు. షిప్పుని ఛానల్లోంచి బయటికి తీసుకెళ్ళే పైలట్ అప్పటికే ఎక్కి ఉంటాడు. ఇన్ని కదిలాక నలుగురి కోసం ఆగదు. కాబట్టి టికెట్ మీద చూడాల్సింది బయల్దేరే టైము కాదు, చెకిన్ మూసే టైము. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి పట్టుకోండి.

తరవాత కథలో ముందుగా మెచ్చుకోవాల్సింది క్రూజ్ కంపెనీ వాళ్ళ ఎమర్జెన్సీ ఫోన్ లైనుని. బోర్డింగ్ కాగితాల్లో ఆ నంబరు ఉంటుంది. మామూలు కస్టమర్ కేర్‌కి చేస్తే సంగీతం వింటూ కూర్చోవాలి, దీనికి చేస్తే నాలుగు రింగులకి మనిషి మాట్లాడింది. మేం రావట్లేదు అనకండి, తర్వాతి పోర్టులో ఎక్కుతాం అని ఇప్పుడే రికార్డు చేయించండి అని చెప్పింది. చెప్పకపోతే రానివాళ్ళ కింద రాసేసి గది రద్దు చేసే ప్రమాదం ఉంది. పాస్‌పోర్టు వివరాలు తీసుకుని, అనుమతి ఈమెయిలు రాత్రికల్లా పంపారు. అయితే అక్కడికి చేరే ఖర్చు పూర్తిగా మనదే. ఫ్లైటు కూడా క్రూజ్ కంపెనీ ద్వారానే బుక్ చేసుకుని ఉంటే తర్వాతి పోర్టుకి చేర్చే బాధ్యత వాళ్ళు తీసుకుంటారట. మనం పదో ఇరవయ్యో డాలర్లు తక్కువని విడిగా కొనుక్కుంటాం కదా.

ఇక్కడ మనవాళ్ళు తప్పకుండా చూసుకోవాల్సింది వీసా. మా తోడల్లుడు, మరదలు హెచ్1బీ, హెచ్4 మీద ఉన్నారు, అదృష్టవశాత్తూ పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఇంకా చెల్లుతోంది. చెల్లే అమెరికా వీసా ఉంటే భారత పాస్‌పోర్టుతో మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. స్టాంపింగ్ గడువు అయిపోయి ఐ-797 అనే అప్రూవల్ కాగితం మీదే నడుస్తున్నవాళ్ళకి ఈ దారి మూసుకుపోయినట్టే. అమెరికాలోకి తిరిగి రావడం సంగతి తర్వాత, ముందు మెక్సికోవాళ్ళు విమానం దిగనివ్వాలి కదా. పిల్లలు అమెరికా సిటిజన్లు. అలాంటివాళ్ళని బర్త్ సర్టిఫికెట్‌తో కూడా ఈ క్రూజ్ ఎక్కిస్తారు, దాన్ని చూసి చాలామంది పిల్లల పాస్‌పోర్టు ఇంట్లో వదిలేస్తారు. విమానం ఎక్కాలంటే మాత్రం పాస్‌పోర్టు పుస్తకం ఉండాల్సిందే. మా మరదలికి అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకునే అలవాటు, అదే కాపాడింది.

ఎండాకాలం మనవాళ్ళు ఎగబడే అలాస్కా క్రూజ్‌కి ఈ లెక్క వేరు. సియాటిల్‌లో షిప్పు తప్పిపోతే తర్వాత ఆగేది కెచికన్, జూనో, అవీ అమెరికా ఊళ్ళే. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికాలో ఒక రేవులో ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దింపకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. కెచికన్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగడం దాని కిందకే వస్తుంది, మధ్యలో కెనడాలో విక్టోరియాలో ఆగినా సరే. మా వాళ్ళు కోజుమెల్‌లో ఎక్కి గాల్వెస్టన్‌లో దిగారు కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

ఆ రాత్రి హాబీ పక్కన ఒక హోటల్, దాని గురించి చెప్పడానికేమీ లేదు, పక్కలు శుభ్రంగా ఉన్నాయి. కోజుమెల్‌కి హ్యూస్టన్ నుంచి నేరుగా విమానాలున్నాయి గానీ నలుగురికీ సీట్లు దొరకలేదు. మంగళవారం పొద్దున్న కాంకూన్ వెళ్ళి, ఎయిర్‌పోర్టులోనే ఏడీఓ అనే కంపెనీ బస్సెక్కి ప్లాయా దెల్ కార్మెన్, అక్కడి నుంచి ఫెర్రీ. ఏడీఓ బస్సుకి నా తరఫున ఫుల్ మార్కులు, చల్లటి ఏసీ, సామాను కింద పెట్టి చీటీ ఇస్తారు, టైముకి కదిలింది. ఎయిర్‌పోర్టు బయట టాక్సీ కావాలా అని వెంటపడేవాళ్ళని దాటుకుని బస్సు కౌంటర్ దాకా వెళ్ళగలిగితే చాలు. ఫెర్రీ ముప్పావుగంట, కాస్త గాలి ఉన్నా బాగా ఊగుతుంది, చిన్నాడు వాంతి చేసుకున్నాడు. కింది అంతస్తులో వెనకవైపు కూర్చుంటే కుదుపు తక్కువ.

కోజుమెల్‌లో సాన్ మిగెల్ అనే ఊళ్ళో ఫెర్రీ రేవుకి నడిచేంత దూరంలో ఒక చిన్న హోటల్లో దిగారు. మా సీవాల్ హోటల్ రేటులో సగం కూడా లేదు, ఏసీ చప్పుడు లేదు, నడిపే ఆవిడ పిల్లవాడి సంగతి విని అడక్కుండానే నిమ్మకాయ నీళ్ళు తెచ్చిచ్చిందట. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మేం షిప్పులో క్యాసినో పొగ తప్పించుకుంటూ తిరుగుతుంటే వాళ్ళు సముద్రం ఒడ్డున కూర్చుని మామిడికాయ ముక్కల మీద కారం చల్లుకుని తింటున్న ఫొటోలు పంపారు. శాకాహారులు బీన్స్ అడిగేముందు మాన్తెకా వేశారా అని కనుక్కోండి, అది పందికొవ్వు, అక్కడ బీన్స్‌లో మామూలే. టాక్సీలకి మీటర్లుండవు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి.

బుధవారం పొద్దున్న పియర్ (షిప్పు ఆగే రేవు) గేటు దగ్గర మాత్రం కొంచెం నస. గార్డు దగ్గరున్న లిస్టులో వీళ్ళ పేర్లు లేవు. ఈమెయిలు చూపిస్తే ఫోన్లో చూపిస్తే కుదరదన్నాడు, తోడల్లుడు ముందు రోజే హోటల్లో ప్రింటు తీయించి ఉంచాడు కాబట్టి సరిపోయింది. ఎండలో చాలాసేపు నిలబడ్డాక షిప్పు నుంచి ఒక ఆఫీసరు వచ్చి తీసుకెళ్ళింది, లోపల ఫొటోలు తీసి కార్డులిచ్చి, సేఫ్టీ డ్రిల్ విడిగా చేయించారు. గది తలుపు తీస్తే మంచం మీద టవల్‌తో చేసిన ఏనుగు, దాని పక్కనే టవల్ కోతి. గది చూసే అతను ఎవరూ లేకపోయినా రోజూ వచ్చి బొమ్మ చేసి పెట్టాడు. అతనికి మేం టిప్పు బాగానే ఇచ్చాం. పోయిన రోజులకి కంపెనీ పైసా వెనక్కివ్వలేదు.

మర్నాడు ప్రోగ్రెసో. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది, ఈసారి గడియారంతో. షిప్పు గాల్వెస్టన్ టైము మీదే నడిచింది. ఎండాకాలంలో కోజుమెల్ టైము, గాల్వెస్టన్ టైము ఒకటే. ప్రోగ్రెసో ఉన్న యూకతాన్ రాష్ట్రంలో గడియారం ముందుకి జరపరు, అందుకని ఒడ్డు మీద దిగగానే ఫోను తనంతట తనే గంట వెనక్కి వెళ్తుంది. ఫోన్లో మూడు అంటే షిప్పులో నాలుగు. పైగా అక్కడి పియర్ ఆరున్నర కిలోమీటర్ల పొడుగు, నడిచేది కాదు, షటిల్ బస్సు లైన్లో నిలబడాలి. ఆ సాయంత్రం ఇద్దరు చేతిలో చెప్పులు పట్టుకుని పరిగెత్తుకొస్తుంటే పై డెక్ మీద జనం ఈలలు, చప్పట్లు. అందుకున్నారు లెండి. మా మరదలు మాత్రం ఆ తమాషా చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. కంపెనీ ద్వారా కొన్న టూరు లేటయితే షిప్పు ఆగుతుంది, బయట కొన్న టూరుకి ఆగదు. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే దీవిలో ఎనిమిదిమందిని ఒక షిప్పు వదిలేసి వెళ్ళింది అలాంటి సందర్భంలోనే.

మా తోడల్లుడు వాళ్ళు ఇన్సూరెన్స్ విడిగా కొన్నారు, పనికొచ్చింది. ఎయిర్‌లైన్ నుంచి లేటుకి కారణం రాసిన లెటర్ అడిగారు, అది సైటులో ఫారం నింపితే ఈమెయిల్లో వస్తుంది. కాంకూన్ టికెట్లు, హోటళ్ళు ఇచ్చారు, ఫెర్రీ రసీదు పోగొట్టినందుకు అది ఇవ్వలేదు.

శనివారం తిరిగొచ్చాక కస్టమ్స్ లైను దాటేసరికి పది. వాళ్ళ తిరుగు ఫ్లైటు పదకొండున్నరకి ఉంటే షిప్పులో వైఫై కొని ముందే సాయంత్రానికి మార్పించాం. చలికాలంలో వెళ్ళేవాళ్ళయితే ఇంకా జాగ్రత్త, పొగమంచు పడితే ఛానల్ మూసేస్తారు, షిప్పు గంటలు గంటలు బయటే ఆగిపోతుంది. మధ్యలో దొరికిన టైముకి పేర్‌లాండ్ మీనాక్షి గుడికి వెళ్ళొచ్చాం, అక్కడి నుంచి హాబీ అరగంట లోపే.