కుందలహళ్ళి డయాలసిస్ సెంటర్, సాయంత్రం షిఫ్టు: 14 నెలల తర్వాత

ఉద్యోగం వదలకుండా డయాలసిస్ చేయించుకోవాలని తిప్పలు పడుతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. బెంగళూరులో కుందలహళ్ళి మెట్రో దగ్గరున్న ఈ చిన్న సెంటర్లో నాది సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం 6:30 స్లాటు, 4 గంటలు.

ఇంతకుముందు వెళ్ళినచోట మధ్యాహ్నం 1 గంటకే స్లాటు. అంటే వారానికి మూడు పూటల సెలవు. నాలుగో నెలకల్లా సెలవులన్నీ కరిగిపోయి జీతంలో కోత మొదలైంది. ఇప్పుడు ఐటీ పార్కు ఐటీపీఎల్‌లో పని ముగించుకుని పట్టందూరు అగ్రహారలో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే.

టైమింగ్ కన్నా నాకు నచ్చింది ఇక్కడి టెక్నీషియన్ పని. మదనపల్లె అబ్బాయి. సూది గుచ్చేముందు ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ కలిపిన చోటు) మీద వేళ్ళు ఆనించి జుమ్మనే ఆ అదురు చూస్తాడు, స్టెత్ పెట్టి వింటాడు. గుచ్చినచోటే మళ్ళీ గుచ్చడు. నా డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 52 కిలోలు. ఉగాదికి ఊరెళ్ళి వచ్చాక 55 తూగాను. "అక్కా, ఇదంతా 4 గంటల్లో లాగితే బీపీ పడిపోతుంది, రేపు ఆఫీసుకు పోలేరు" అని డాక్టరుకి ఫోన్ చేసి అరగంట పొడిగించాడు. పాత చోట ఎంత పెరిగినా అదే 4 గంటల్లో తీసేసేవాళ్ళు. పిక్కలు పట్టేసి ఏడ్చేదాన్ని, మర్నాడు తల ఎత్తలేకపోయేదాన్ని. సెలవులు సగం అలా పోయినవే.

ఎడమ చేతికి సూదులుంటాయి కాబట్టి కుడివైపు బల్ల వేయించుకున్నా. మొదటి గంట మెయిళ్ళు చూసుకోవచ్చు. తర్వాత ఒళ్ళు నీరసిస్తుంది, కాల్స్ మాత్రం పెట్టుకోకండి. ఏసీకి వణుకొస్తుంది, దుప్పటి మీరే తెచ్చుకోవాలి.

లోపం ఒకటుంది. ముందు షిఫ్టులో ఎవరికైనా బీపీ పడితే మన మిషన్ ఖాళీ కాదు. ఒకరోజు 11:45 అయింది, మెట్రో లేదు, ఆటోకోసం రోడ్డు మీద ఒక్కదాన్నే నిలబడ్డా. గట్టిగా అడిగాక, ఆలస్యమయ్యేలా ఉంటే 5 గంటలకే ఫోన్ చేస్తున్నారు.

మా ఆఫీసు ఇన్సూరెన్సులో డయాలసిస్ డే కేర్ (రాత్రి ఆసుపత్రిలో ఉండక్కర్లేని చికిత్స) కింద వస్తుంది. ఏ రోజు బిల్లు ఆ రోజే అడిగి తీసుకోండి, నెలాఖరుకి ఒక్కటే ఇస్తామంటారు. చేరడానికి హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రిపోర్టులు కావాలి. సాయంత్రానికి ఉన్నవి మూడే మంచాలు. పేరు రాయించాక నాకు 5 వారాలు పట్టింది.