పిల్లల ఐసీయూ తర్వాత ఇంట్లో అందరికీ కౌన్సెలింగ్, కూకట్‌పల్లి

మా బాబు న్యుమోనియాతో పీఐసీయూలో (పిల్లల ఐసీయూ) వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డాడు, దేవుడి దయ, కానీ ఇంటికొచ్చాకే అసలు కష్టం మొదలైందండి. కుక్కర్ విజిల్ వచ్చినా మా ఆవిడ ఉలిక్కిపడేది, మానిటర్ మోగినట్టే ఉంటుందంట, రాత్రిళ్ళు లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. డిశ్చార్జ్ చేసిన హాస్పిటల్‌ వాళ్ళు మందుల చీటీ ఇచ్చారు గానీ దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు, చాలా అన్యాయం అది.

ఇక్కడ కౌన్సెలింగ్ చేసే మేడమ్ ఓపిగ్గా విన్నారు. ఐసీయూ నుంచి బయటికొచ్చాక కూడా మిగిలిపోయే ఇలాంటి ఇబ్బందుల్ని పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటారంట, పిల్లల విషయంలో దీన్ని 2018లో విడిగా వివరించారు, పిల్లాడికే కాదు అమ్మానాన్నలకి, తోబుట్టువులకి కూడా నెలల తరబడి ఉండొచ్చన్నారు. ఆ టైంలో మా పాపని అమ్మమ్మ దగ్గర వదిలేశాం కదా, అప్పట్నుంచి మళ్ళీ పక్క తడుపుతోంది. మేడమ్ దానితో బొమ్మ వేయిస్తే తమ్ముడి మంచం చుట్టూ అన్నీ వైర్లే గీసింది, తను మాత్రం తలుపు బయట. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. నువ్వు నిద్రపోతున్నావా అని నన్ను అడిగింది కూడా ఆ మేడమ్ ఒక్కరే.

ఇప్పుడు పాప చాలా నయం, మా ఆవిడ కూడా కాస్త పడుకుంటోంది.

పార్కింగ్ కష్టం, శనివారం స్లాట్ అసలు దొరకదు, ఫీజు కూడా అందరూ పెట్టుకోలేరు. అలాంటివాళ్ళు ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.