ఆత్మాశ్రయత: తత్వశాస్త్రమా, సైకాలజీనా, భాషా? ముందు ఏది చదివితే మేలు?

ఆత్మాశ్రయత (సబ్జెక్టివిటీ) అంటే స్థూలంగా, మనిషికి తన లోపలి నుంచి తెలిసే అనుభవం, దాన్ని అనుభవించే 'నేను'. అనంతపురంలో పీజీ చదివే పిల్లలు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "సార్, ఆత్మాశ్రయత అంటే ఒక్కో సబ్జెక్టులో ఒక్కోటి చెప్తారు. ముందు దేన్ని పట్టుకోవాలి?" మార్కుల సంగతి వేరు. బుర్రకెక్కాలంటే మాత్రం నా ఓటు భాషకే.

తత్వశాస్త్రం లోతును కాదనలేం. 1637లో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ అన్నిటినీ అనుమానించి, ఆ అనుమానించే 'నేను' దగ్గర ఆగాడు. గబ్బిలానికి తన బతుకు ఎలా అనిపిస్తుందో బయటి నుంచి ఎంత పరిశోధించినా మనకు అందదని 1974లో తత్వవేత్త థామస్ నాగెల్ అన్నాడు. బాగుంది గానీ, కొత్తగా చదివేవాడి చేతికి ఏమీ చిక్కదు.

సైకాలజీలో కొలత ఉంటుంది. 1879లో లైప్‌జిగ్‌లో ల్యాబ్ పెట్టిన సైకాలజిస్టు వుంట్, మనిషిని తన అనుభవాన్ని తానే గమనించి చెప్పమన్నాడు. 1913లో ఇంకో సైకాలజిస్టు వాట్సన్ వచ్చి లోపలి గొడవ వద్దు, ప్రవర్తన చాలన్నాడు. ఇప్పుడు ఆస్పత్రిలో నొప్పి పదికి ఎంత అని అడుగుతారు. నువ్వు చెప్పే ఏడూ నేను చెప్పే ఏడూ ఒకటేనా? ఆ చిక్కు అలాగే ఉంది.

"అది నీ అభిప్రాయం" అని కొట్టిపారేసే అర్థం ఆత్మాశ్రయతకు ఇంకొకటుంది. దానికి చదువు అక్కర్లేదు.

భాషలో అయితే సాక్ష్యం మన నోట్లోనే ఉంది. "పక్క ఊళ్లో వాన పడింది" అంటే చెప్పేవాడు దానికి పూచీ పడుతున్నాడు. "పడిందంట" అంటే ఎవరో చెప్పారు. "పడినట్టుంది" అంటే చల్లగాలి తగిలి ఊహించాడు. శెనక్కాయ విత్తడానికి కాచుకున్న రైతుకు ఈ మూడూ ఒకటి కావు.

ఇంకా తమాషా చూడండి. "నాకు జ్వరం వచ్చినట్టుంది" అంటే ఎవరూ నవ్వరు. "నాకు తలనొప్పిగా ఉన్నట్టుంది" అని చూడండి! ('వచ్చేట్టుంది' వేరు, అది రాబోయేది.) జ్వరానికి థర్మామీటరు ఉంది, మన ఊహ తప్పొచ్చు. నా తలనొప్పికి నేనే సాక్షిని, ఊహించే పనేముంది? అదే "వాడికి తలనొప్పిగా ఉన్నట్టుంది" అంటే చక్కగా కుదురుతుంది. ఎదుటివాడి మనసు మనకెలా తెలుస్తుందని తత్వవేత్తలు పడే తంటా అంతా ఈ 'ఉన్నట్టుంది'లో ఉంది.

భాష పట్టుకుంటే సైకాలజీ దూరమవుతుందని భయం వద్దు. 'నేను' అని పలకడంలోనే మనిషి 'నేను' అవుతాడని వాదించిన భాషావేత్త బెన్వెనిస్త్, 1958లో ఆ వ్యాసాన్ని అచ్చు వేయించింది సైకాలజీ పత్రికలో.

ఫిలాసఫీ పేపరు ఉన్నవాళ్లకు డెకార్ట్ ఎలాగూ తప్పడు. మిగతావాళ్లు ముందు ఇంట్లోవాళ్ల మాటల్లో 'అంట'లూ 'ఉన్నట్టుంది'లూ ఏరుకుని, తర్వాత నాగెల్ దగ్గరికి వెళ్లండి.