పోర్చుగీసు: బ్రెజిల్‌దా, పోర్చుగల్‌దా?

సొంతంగా పోర్చుగీసు నేర్చుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. నేను తిరుపతిలో ఉంటాను. అలిపిరి మెట్లెక్కుతూ ఇయర్‌ఫోన్స్‌లో రెండూ విన్నాను.

‘పాలు’ అనే మాటకు రెండు చోట్లా స్పెల్లింగ్ ఒకటే. బ్రెజిల్‌లో చాలామంది ‘లెయ్‌చి’ అంటారు, చివరి అచ్చు చక్కగా వినిపిస్తుంది. పోర్చుగల్‌లో ఆ అచ్చును మింగేసి దాదాపు ‘లైత్’ దగ్గరే ఆపేస్తారు. మనది అచ్చుతో ముగిసే అజంత భాష కదా, అందుకే బ్రెజిల్ పలుకు మన చెవికి తొందరగా పడుతుంది. గాలిగోపురం చేరేలోపే మాటలు విడివిడిగా అందాయి. పోర్చుగల్ వార్తలు పెట్టుకున్న రోజు మాత్రం వాక్యం ఎక్కడ మొదలైందో కూడా తెలియక టెన్షన్ పడ్డాను.

లిస్బన్‌లో చదువో ఉద్యోగమో ఖాయమైతే కష్టమైనా పోర్చుగల్‌దే మొదలుపెట్టండి. రైలును కూడా అక్కడ ‘కొంబోయు’ అంటారు, బ్రెజిల్‌లో ‘త్రెయిం’. అలాంటి అవసరం లేకపోతే నా ఓటు బ్రెజిల్‌కే. 20 కోట్లకు పైగా జనం ఉన్న దేశం, వినడానికి పాటలకూ సీరియళ్లకూ కొదవ లేదు.

అల్మారా, మేస్త్రీ మనకు పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలే. అనాస కూడా అంతే, కానీ అది పోర్చుగల్ వైపు మాట. బ్రెజిల్‌లో ఆ పండును ‘అబకషీ’ అని అడగాలి.